గంగిరెద్దు బేరం

నా బండిని మా బామ్మర్ది గంగిరెద్దు అన్నది కడపలో, వాళ్ల గృహప్రవేశం రోజున, పంక్తిలో పాయసం వడ్డిస్తున్నప్పుడు. కర్నూలు నుంచి ఆ ఎండలో బండి మీద వచ్చి, హెల్మెట్ తీసి, ముఖం కడుక్కుని అప్పుడే విస్తరి ముందు కూర్చున్నాను. నా ఎదురు వరసలో ఎవరున్నారో, వాళ్లలో ఎవరు పైకే నవ్వారో, ఎవరు నవ్వు ఆపుకోవడానికి నీళ్ల గ్లాసు ఎత్తుకున్నారో ఇప్పటికీ చెప్పగలను.

"ఏం బావా, ఆ పెట్టెలేంది, ఆ అద్దమేంది, ఆ దీపాలేంది. సన్నాయి ఒకటే తక్కువ. గంగిరెద్దు మాదిరి ఉండాది" అన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే నేనూ ఆ మాటను అక్కడే వదిలేసేవాణ్ణేమో. "గంగిరెద్దన్నా నాలుగు ఊర్లు తిరుగుతాది. ఇది మంత్రాలయం దాటదు" అని ఇంకొకటి కలిపాడు. నేను ఆ పాయసం ముట్టలేదు. ముట్టలేదన్న సంగతి ఎవరూ గమనించలేదు. అది రెండో అవమానం.

ఆ పేరు కడప నుంచి కర్నూలుకు నాకంటే ముందే చేరింది. నేను అప్పుడు నీటిపారుదల ఆఫీసులో గుమాస్తాను. సోమవారం ఆఫీసు ముందు బండి నిలబెడుతుంటే అటెండరు వచ్చి, "సార్, డూడూ అంటే తల ఊపుతాదా?" అని అడిగాడు. ఎవరు చెప్పారని అడిగితే నవ్వాడే తప్ప చెప్పలేదు. నాకు ఇద్దరి మీద అనుమానం ఉంది. ఒకాయన ఇప్పుడు లేడు. రెండో ఆయన పెళ్లిళ్లలో కనిపిస్తుంటాడు, నేను వేరే పంక్తిలో కూర్చుంటాను.

ఆ బండి సంగతి చెప్పాలి. దూర ప్రయాణాలకని తయారుచేసిన పెద్ద మోటార్ సైకిల్ అది. ఉద్యోగంలో ఉండగానే కొన్నాను. కొన్న రోజున దాని మీద అదనంగా ఏమీ లేదు. తర్వాత బిగించిన ప్రతి వస్తువూ ఒక రోడ్డు నేర్పిన పాఠం. నంద్యాల దారిలో వడగాలి కళ్లలోకి కొడితే ముందు అద్దం పెట్టించాను. శ్రీశైలం ఘాట్‌లో మంచు దిగి పక్కన లోయ ఎక్కడుందో తెలియకపోతే పసుపు దీపాలు పెట్టించాను. హంపి వెళ్తుంటే వెనక కట్టిన సంచి జారి సైలెన్సర్ మీద పడి, నా పంచె, తువ్వాలు కాలిపోయి, సగం కాలిన బ్రష్షు ఒకటి మిగిలింది. అప్పుడు రెండు పక్కలా ఇనుప పెట్టెలు వచ్చాయి. ఇంజను కింద రేకు, పక్కన గార్డు, హ్యాండిల్ మీద ఫోన్ పెట్టుకునే స్టాండు, దాని కింద చార్జరు. వీటిలో ఒక్కటి కూడా సోకు కోసం కాదు. ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. విన్నట్టే ఉండి, చివర్లో "అయినా భలే ముస్తాబు చేసినావప్పా" అనేవాళ్లు.

ఇంకొకటి వీపుదిండు. మొదటిసారి మా ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని మంత్రాలయం వెళ్లినప్పుడు, ఆమె దారి పొడుగునా సీటు అంచు పట్టుకుని నిటారుగా కూర్చుంది. మఠం ముందు దిగి, నడుము మీద చెయ్యి వేసుకుని, "స్వామిని మీరు చూసుకోండి, నా నడుమును తుంగభద్రలో కలిపి వస్తా" అంది. తిరిగొచ్చిన వారంలో వెల్డింగు షాపులో ఇనుప చట్రం చేయించి, ఆటో సీట్లు కుట్టే ఆయనతో దానికి దిండు కుట్టించాను. రెండుసార్లు విప్పించి మళ్లీ కుట్టించాను. ఆమె ఎక్కి కూర్చుని, వెనక్కి ఆనుకుని, సందు చివరి దాకా వెళ్లి వచ్చాక చెప్పిన మాట ఒకటే. "ఇప్పుడు కొంచెం మేలు."

కొంచెం. ఆ మాట కూడా నా దగ్గర భద్రంగా ఉంది.

బామ్మర్ది అన్నదానికి జవాబుగా నేను కన్యాకుమారి వెళ్లొచ్చాను. ఒంటరిగా, పెట్టెల నిండా సామానుతో, దారిలో ఒక్క పంక్చరు కూడా లేకుండా. ఎవరికో చూపించడానికి పోయినవాణ్ణి కాదు కాబట్టి ఫోటోలు తియ్యలేదు. తిరిగొచ్చి చెబితే ఎవరూ నమ్మలేదు. అక్కడ కొన్న శంఖం తీసి బామ్మర్ది ముందు పెడితే, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇట్లాంటివి శ్రీశైలంలో కూడా అమ్ముతారు బావా" అన్నాడు.

ఇంత చేసిన బండిని అమ్మాల్సి వచ్చింది మోకాలి వల్ల. రిటైరయ్యాక ఒకరోజు బైపాస్ మీద పెట్రోలు బంకులో ఆగి, ఎడమ కాలు కింద పెట్టాను. బండి ఆ పక్కకు ఒరిగింది. కాలు మోయనంది. ఇద్దరం మెల్లగా, ఎవరికీ తొందర లేనట్టు, కింద పడ్డాం. బంకు కుర్రాళ్లు పరుగెత్తుకొచ్చి ముందు బండిని లేపారు, తర్వాత నన్ను. నేను ఆ బంకుకు మళ్లీ వెళ్లలేదు. డాక్టరు మోకాలు నొక్కి చూసి, "ఇంత బరువు బండి ఇక వద్దు. స్కూటీలాంటిది చూసుకోండి" అన్నాడు. ఆయన గది బయట నాకంటే పెద్దవాళ్లు నలుగురు బుల్లెట్ల మీద వచ్చి కూర్చున్నారు. వాళ్లకేం చెప్పాడో తెలియదు.

అప్పటికి మేం కల్లూరులో కొత్త ఇంట్లోకి మారాం. ఆ ఇంటి గేటు కూడా నాకు జరిగిన అన్యాయాల్లో ఒకటి. బండి పెట్టెలతో సహా ఎంత వెడల్పో మేస్త్రీకి టేపు పెట్టి చూపించాను. గేటు బిగించాక చూస్తే బెత్తెడు తక్కువ. అడిగితే, "పెట్టెలు ఊడదీస్తే పడ్తాది కదా సార్" అన్నాడు. నేను పెట్టెలు ఊడదీయలేదు. ఆయన గేటు మార్చలేదు. బండి వీధిలోనే ఉండిపోయింది.

కల్లూరు ఎండ సంగతి ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. పైన కవరు కప్పినా నెలలోపే చీలికలైంది. షేరాటోల వాళ్లు హ్యాండిల్ మీద తడి తువ్వాళ్లు ఆరేసేవాళ్లు. ఎదురింటామె పాలవాడు వచ్చే వేళకు దాని పక్క అద్దానికే సంచి తగిలించి లోపలికి పోయేది. కింద ఒక కుక్క కాపురం పెట్టింది. రోజూ ఉదయం స్టార్టు చేసి, కాసేపు ఉంచి, ఆపేసి వచ్చేవాణ్ణి. ఒకరోజు మా ఆవిడ గడప మీద నిలబడి చూసి, "ఎండాకాలం ముదరకముందే దాన్ని ఎవరికన్నా ఇచ్చేయండి. తోలేది లేదు, లోపల పెట్టేది లేదు. కట్టేసి ఎండబెడతాండారు" అంది.

అమ్మడానికి ఒప్పుకున్నాను. అయితే ఒక మాట గట్టిగా అనుకున్నాను, ఆమెతోనూ అన్నాను. బండి ఎలా ఉందో అలాగే పోవాలి. ఒక్క నట్టు కూడా విప్పను. తీసుకునేవాడు దాన్ని దూరం తోలేవాడై ఉండాలి. నగలైతే ఒంటి మీంచి తీసి విడిగా ఇవ్వొచ్చు. కాలూ చెయ్యీ అయితే ఎవరూ తీసివ్వరు. నేను ఒక్క ముక్క విప్పి ఇచ్చానంటే, అది ముస్తాబేనని నా చేత్తో నేనే ఒప్పుకున్నట్టు. కడపలో ఆ పంక్తిలో నవ్విన ప్రతివాడూ గెలిచినట్టు.

ఆన్‌లైన్‌లో పెట్టాను. బండి ఫోటోలు అన్ని వైపుల నుంచీ తీసి, కింద "ఉన్నది ఉన్నట్టుగా. విడిగా ఏదీ అమ్మబడదు" అని రాశాను. మొదటి మెసేజ్ వచ్చింది. "లాస్ట్?" అంతే. నమస్కారం లేదు, బండి ఎలా ఉందన్న ప్రశ్న లేదు. మొదలే లేకుండా చివర అడిగినవాడికి నేను జవాబివ్వలేదు. అలాంటివి రోజూ వచ్చేవి.

నేరుగా వచ్చినవాళ్లు ఇంకా ఘనం. ఒక కాలేజీ కుర్రాడు వచ్చి బండి చుట్టూ తిరిగి వీడియో తీసుకుని, "అంకుల్, పెట్టెలు, అద్దం అన్నీ తీసేస్తే సన్నగా, భలే ఉంటాది" అన్నాడు. నేను గేటు మూశాను. ఇంకొకాయన కాంట్రాక్టరు, పెట్టెలు మాత్రం కావాలన్నాడు. "బండి మీరే పెట్టుకోండి సార్, నాకొద్దు" అని అదేదో నాకు మేలు చేస్తున్నట్టు చెప్పాడు. ఒక వారం తర్వాత కడప నుంచి ఫోన్ వచ్చింది.

"బావా, బండి అమ్ముతాండావంట."

"అవును."

"ఆ పసుపు దీపాలు నాకియ్యి. నా కారుకు బిగించుకుంటా. మిగిలింది ఎవరికన్నా ఇచ్చుకో."

"ఊడవు" అని ఫోన్ పెట్టేశాను. ఆ వారమంతా మా ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడలేదు. వాళ్ల తమ్ముడు నొచ్చుకున్నాడట. నొచ్చుకోవడం వాళ్ల కుటుంబానికి అంత తేలిగ్గా వస్తుందని నాకు అంతవరకు తెలియదు.

శివరాత్రికి చలి శివశివా అని పోయింది. మధ్యాహ్నాలు సీటు మీద చెయ్యి పెడితే కాలుతోంది. సీటు అంచున రెక్సిన్ పగలడం మొదలైంది. అప్పుడు వచ్చాడు ఆలూరు పక్కనుంచి ఆ మనిషి.

యాభై దాటిన వయసు. తెల్ల పంచె, భుజాన ఎర్రంచు తుండుగుడ్డ, చేతిలో గొడుగు, చంకలో సంచి. పశువుల దళారి. ఆన్‌లైన్ గీన్‌లైన్ ఆయన చూడలేదు. కర్నూలుకు వచ్చి షేరాటో ఎక్కితే డ్రైవరు చెప్పాడట. గేటు దగ్గర ఆగి, "సార్, ఈడ పెద్ద బండి ఒకటి అమ్మకానికి కట్టేసినారంట. ఇదేనా?" అని అడిగాడు.

ఇదేనన్నాను.

ఆయన వెంటనే దగ్గరికి పోలేదు. వీధి ఆ పక్కన నిలబడి కాసేపు చూశాడు. తర్వాత ముందు వైపు నుంచి వచ్చి, ట్యాంకు మీద మెల్లగా రెండు తట్లు తట్టాడు. వెనక నుంచి ఒక్కసారి కూడా రాలేదు. కింద కూర్చుని, ఎద్దు పళ్లు చూసి వయసు కట్టినట్టు టైరు గాడుల్లో వేలు పెట్టి చూసి, "ఆరు పళ్ల మీద ఉండాది. పనికొస్తాది" అన్నాడు. లేచి, తల పక్కకు వంచి, "దాపటకు ఒరుగుతాదే" అన్నాడు.

"స్టాండు వేస్తే అన్ని బండ్లూ ఎడమకే ఒరుగుతాయి" అన్నాను.

"అన్నీ ఒరిగితే అన్నిట్లో ఆ గుణం ఉండాదని సార్. లేదని కాదు" అన్నాడు. ఇంకో చుట్టు తిరిగి, "ఎవరినన్నా పొడిచిందా?" అన్నాడు.

"నన్నే ఒకసారి పడేసింది. పెట్రోలు బంకులో."

"అది యజమానిని చూసి చేస్తాది. ఎందుకు అమ్ముతాండారు? ఉన్నది చెప్పండి. ఎద్దును అమ్మేటోడు నిజం చెప్పడని నాకు తెలుసు. నేనూ చెప్పను."

మోకాలి సంగతి చెప్పాను. నమ్మినట్టు లేదు. గేటు లోపల ఇటూ అటూ నడిచి చూపించమన్నాడు. నడిచాను. నా బండి కొనడానికి వచ్చినవాడు నన్ను నడిపించి చూశాడు. అయినా ఎందుకో కోపం రాలేదు, కుంటడం చూశాక తల ఊపాడు కాబట్టేమో.

కుడి పెట్టె తెరవగానే ఆయన గట్టిగా తుమ్మాడు. నేనూ తుమ్మాను. పెట్టె నిండా ఎండుమిరపకాయలు. మా ఆవిడ గడప మీంచి, "ఎండకు పెట్టె బాగా కాగుతాది, పురుగు పట్టదు" అంది. నా పెట్టె, నాకే చెప్పకుండా. ఆయనకు మాత్రం అది లోపంగా తోచలేదు. లోపల చెయ్యి పెట్టి లోతు చూసి, "తేమ లేదు. ఇది మందులకు సరిపోతాది. ఆ పక్కది బట్టలకు, సద్దికి" అన్నాడు. సంతలకు తిరగడమే ఆయన పని. ఈ పక్క పత్తికొండ, ఆ పక్క కర్ణాటకలో ఎక్కడెక్కడి జాతరలో. పశువుల మందులు, గంటలు, తాళ్లు వేసుకుని లారీ ముందు సీట్లలో, బస్సుల్లో ఇన్నేళ్లు తిరిగాడట. బస్సుల్లో గంటల సంచికి కూడా టికెట్ కొట్టారని చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం చూసి, ఈయనా మర్చిపోయే మనిషి కాడని నాకు అర్థమైంది.

అద్దం గాలికి, దీపాలు తెల్లారుజామున మంచుకు. ఆయనే చెప్పుకుంటూ పోయాడు. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడి విన్నాను. ముస్తాబు అన్న మాట ఎక్కడా రాలేదు. ఫోన్ స్టాండు దగ్గర మాత్రం ఆగి, "ఇది దేవుడి పటానికా?" అన్నాడు. అవునన్నాను. బేరం మధ్యలో పాఠాలు ఎందుకు.

నడిపి చూస్తానన్నాడు. సంచీ గొడుగూ మా గేటు పక్క గట్టు మీద పెట్టి, పంచె ఎగ్గట్టి, ఎక్కి పోయాడు. కాలువ గట్టు దాకా అన్నవాడు ఎంతకీ రాడే. షేరాటో డ్రైవరు వచ్చి మా గేటుకు ఆనుకున్నాడు. ఎదురింటామె పాలసంచి చేత్తో పట్టుకుని, దాన్ని తగిలించే చోటు లేక అలాగే నిలబడింది. "పోయినాడు" అంది మా ఆవిడ. "సంచి ఇక్కడే ఉంది" అన్నాను. ఆమె సంచి మూతి కొంచెం తెరిచి చూసి, "రెండు గంటలు, ఒక తాడు. వీటి కోసం వెనక్కి వస్తాడా" అంది.

వచ్చాడు. దిగి, "ఒక టీ తాగి వస్తిని. పోయేది ఎవరన్నా చూస్తారు. నిలబెడితే ఎట్ల నిలబడతాదో చూడాల కదా" అన్నాడు.

ఇక రేటు. నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "నోటితో వద్దు సార్. బజారు బజారంతా ఈడే ఉండాది" అని, నా కుడి చెయ్యి పట్టుకుని, పైన తుండుగుడ్డ కప్పేశాడు. సంతలో ఎద్దుల బేరం ఇలాగే జరుగుతుంది. గుడ్డ కింద వేళ్లు పట్టుకుని రేటు చెప్పుకుంటారు, చుట్టూ ఉన్నవాళ్లకు ముఖాలే తప్ప ఏమీ కనపడదు. చిన్నప్పుడు దూరం నుంచి చూశాను. నా చెయ్యి ఆ గుడ్డ కిందికి పోవడం అదే మొదటిసారి.

ఆయన నా వేళ్లు కొన్ని పట్టి వదిలాడు. అది నాకు తక్కువనిపించింది. పైగా మధ్యవీధిలో, ఎదురింటామె చూస్తుండగా, ఒక మగాడు నా చెయ్యి పట్టుకుని గుడ్డ కప్పి నిలబడటం ఏమీ బాగాలేదు. విడిపించుకుందామని ఆయన అయిదు వేళ్లూ కలిపి గట్టిగా పిండాను. ఆయన కనుబొమలు పైకి పోయాయి. నా ముఖం వంక చూశాడు. నేను కోపంగా చూశాను. ఆయన ఈసారి ఇంకొన్ని వేళ్లు పట్టి వదిలాడు. నేను మళ్లీ పిండాను. గుడ్డ తీసి భుజాన వేసుకుని, షేరాటో డ్రైవరు వైపు తిరిగి, "సారుకు బేరం బాగా తెలుసప్పా. నోట్లోంచి ఒక్క మాట రాల్చలేదు, నా కాడ దుడ్లన్నీ పిండుకున్నాడు" అన్నాడు.

ఎంతకు తెగిందో ఇక్కడ రాయను. గుడ్డ కింద జరిగింది గుడ్డ కిందే ఉండాలి. నేను అనుకున్నదానికంటే ఎక్కువే అని మాత్రం చెప్పగలను, అదీ మా బామ్మర్ది చదవాలని.

కాగితాల మీద సంతకాలు అయ్యాయి. మిరపకాయలు మా ఆవిడ చేటలోకి ఎత్తుకుంది. తాళాలు రెండూ ఆయన చేతిలో పెట్టాను. ఎక్కబోయి, కాలు వెనక్కి తీసుకుని, "పలుపు తీసుకోండి సార్" అన్నాడు.

"ఏం పలుపు?"

"ఎద్దును అమ్మినోడు పలుపు ఇయ్యకూడదు. కట్టు తాడు ఇంట్లోనే పెట్టుకోవాల. తాడుతో సహా ఇస్తే కొట్టంలో కళ పోతాది. తోలుకపోయినోడికీ అచ్చిరాదు."

"ఇది ఎద్దు కాదు. దీనికి తాడు లేదు."

"తాడు లేకపోతే దేన్నో ఒకదాన్ని తాడనుకోని తీసుకోండి. చిన్నదైనా పర్వాలేదు."

అంటే విప్పాలి. ఇన్ని నెలలు కాలేజీ కుర్రాడికి, కాంట్రాక్టరుకు, సొంత బామ్మర్దికి విప్పనన్నది, డబ్బిచ్చి కొనేవాడే విప్పమంటున్నాడు. అన్నీ కలిపి తీసుకునే ఒకే ఒక్క మనిషి దొరికాడనుకుంటే, ఆ మనిషికి అన్నీ వద్దట. కుదరదన్నాను.

"ఆ దేవుడి స్టాండు తీసుకోండి."

"కుదరదు."

"రెండో తాళం పెట్టుకోండి."

"ఒక తాళంతో తిరిగితే దొంగబండి అనుకుంటారు. కావాలంటే పాత కవరు పెట్టుకుంటా."

"ముసుగు పలుపు ఎట్ల అవుతాది సార్. బిగించి ఉండాల."

"హెల్మెట్?"

"అది మీ తలది. బండిది కాదు."

షేరాటో డ్రైవరు మధ్యలో వచ్చి, "సైలెన్సర్ తీసుకోండి సార్, పలుపు మాదిరే పొడుగ్గా ఉంటాది" అన్నాడు. ఇద్దరం వాడి వైపు చూశాం. వాడు ఆటోలోకి పోయి కూర్చున్నాడు.

"ఒక్క నట్టు కూడా విప్పనని మాటనుకున్నాను" అన్నాను.

"నేను మా నాయన కాలం నుంచి పలుపుతో సహా ఒక్క పశువునూ తోలుకపోలేదు" అన్నాడు ఆయన.

తాళాలు గట్టు మీద పెట్టి, సంచీ గొడుగూ తీసుకుని, మెయిన్ రోడ్డు వైపు నడిచాడు. నేను పిలవలేదు. నన్ను ఎవరూ ఎప్పుడూ వెనక్కి పిలిచింది లేదు. బండి అక్కడే ఉంది, ఎండలో. ఆ పగిలిన రెక్సిన్ అంచు మీద నా కళ్లు ఆగాయి. ఈయన పోతే ఇంకొకడు రాడని, ఎండాకాలమంతా అది ఇక్కడే నిలబడుతుందని, చివరికి పాతసామాన్ల వాడు ముక్కముక్కగా తూకం వేస్తాడని తెలుసు. అయినా పిలవలేదు.

మా ఆవిడ లోపలి నుంచి పానా తెచ్చింది. నాకు ఇవ్వలేదు. నేరుగా బండి వెనక్కి పోయి వంగి, వీపుదిండు నట్టుకు పెట్టి తిప్పబోయింది. తిరగలేదు.

"ఏం చేస్తున్నావు?"

"ఇది నాది."

"బండితో పాటు అమ్మేశాను."

"మీ బండి మీరు అమ్మండి. ఇది నాకని చేయించి, నాకిచ్చినారు. ఇచ్చినదాన్ని మీరెట్ల అమ్ముతారు?"

"కొంచెం మేలు అన్నావు దాన్ని. కొంచెం."

"మేలు అనే కదా అంటిని. ఇంకేం అనాల, హారతి ఇయ్యాల్నా?" ఆమె పానా కింద పెట్టి నడుము నిటారు చేసింది. "కన్యాకుమారికి దీన్ని ఖాళీగా తిప్పుకొస్తిరి. పోదామా అని ఒక్క మాట అడగలేదు. పోయి ఇంతింత దూరం వచ్చినా, అంతంత సముద్రం చూసినా అని ఊరందరికీ చెప్తిరి. ఈ దిండు కూడా చూసొచ్చింది సముద్రాన్ని. నేను చూడలేదు."

ఆ రోజుల్లో నువ్వు కడపలో మీ తమ్ముడి ఇంట్లో ఉన్నావు కదా అన్నాను. "ఫోన్లు లేవా?" అంది. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో గుర్తుపెట్టుకునే మనిషిని నేనొక్కణ్ణే అనుకున్నాను. ఆమె ఏనాడూ బయటపెట్టలేదు. ఇంత జాగ్రత్తగా, ఇంత కాలం, ఒక్క మాట కూడా జారకుండా దాచుకోవడం నావల్ల అయ్యేది కాదు. నాకు కొంచెం అసూయ కూడా కలిగింది.

రోడ్డు మలుపు దగ్గర ఆ మనిషి ఆగి చూస్తున్నాడు. మెల్లగా వెనక్కి వచ్చి, పానా తీసుకుని, ఒక్క పట్టుకు నట్టు వదిలించి, తిప్పడం మాత్రం మా ఆవిడకే వదిలిపెట్టాడు. "ఇంటామె విప్పితే ఇంకేం కావాల. అదే పలుపు" అన్నాడు. ఆమె రెండు నట్లూ తీసి కొంగున ముడి వేసుకుని, దిండును చంకలో పెట్టుకుని లోపలికి పోయింది.

నేను ఒక్క నట్టు కూడా విప్పలేదు. ఇది ఎవరైనా రాసుకోవచ్చు.

ఆయన డబ్బు లెక్కపెట్టి నా చేతిలో పెట్టి, గట్టు మీది తాళాలు తీసుకుని ఎక్కి, గొడుగు ఎడమ పెట్టెకు చెక్కి, నాకు చెయ్యెత్తి పోయాడు. కుక్క కాసేపు ఖాళీ జాగాలో పడుకుని, నచ్చక, ఎదురింటి వాళ్ల స్కూటర్ కిందికి మారింది. పాలసంచి ఇప్పుడు మా గేటుకు తగిలిస్తున్నారు. చెప్పాల్సిన రోజున చెబుతాను.

వర్షాలు మొదలయ్యాక షేరాటో డ్రైవరు తన ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. కర్ణాటకలో ఏదో జాతర మైదానం. వెనకంతా ఎద్దులు. ముందు నా బండి. పెట్టెలు రెండూ ఉన్నాయి, అద్దం ఉంది, దీపాలు ఉన్నాయి, ఇంజను కింద రేకు కూడా కనిపించింది. స్టాండులో నిజంగానే రాఘవేంద్ర స్వామి పటం. హ్యాండిల్‌కు రెండు పక్కలా గంటలు కట్టాడు. దీపాల చుట్టూ ఎర్ర ఊలు కుచ్చులు. అచ్చం గంగిరెద్దు. నేను ఆ ఫోన్ చాలాసేపు పట్టుకున్నాను. ఆ ఊరు మంత్రాలయానికి ఎంత దూరం ఉంటుందని అడిగితే, "శానా దూరం సార్, హుబ్లీ దాటి పోవాల" అన్నాడు. ఆ ఒక్క ముక్క వినడానికి ఫోటో అంతా క్షమించాను. ఊలు కుచ్చులు తప్ప.

వీపుదిండును మా ఆవిడ వరండాలో ప్లాస్టిక్ కుర్చీకి కట్టింది. సాయంత్రాలు దానికి ఆనుకుని మిరపకాయల తొడిమలు తీస్తుంటుంది. ఎలా ఉందని నేను అడగను. ఏం చెబుతుందో తెలుసు. కన్యాకుమారికి రైలు టికెట్లు చేయించాను. కిటికీ పక్క సీటు ఆమెకే. ఈసారి ఫోటోలు తీస్తాను.

మొన్న మా బామ్మర్ది కడప నుంచి వచ్చాడు. చెప్పులు విప్పి నేరుగా ఆ కుర్చీలోనే కూలబడ్డాడు. వెనక్కి ఆని, కళ్లు మూసి, ఇంకొంచెం ఆని, "బావా, ఇది శానా బాగుండాదే. నడుముకు అతికినట్టుండాది. యాడ కొన్నారు? నాకూ ఒకటి చేయించు" అన్నాడు.

నేను గొంతు సవరించుకున్నాను. ఎన్నో ఏళ్లుగా సిద్ధం చేసుకున్న జవాబు ఒకటి ఉంది. నాకంటే ముందే వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వచ్చింది.

"ఒరేయ్, మెల్లగా ఆనుకో. అది గంగిరెద్దు మూపురం."

వాడు కళ్లు తెరిచి నా వైపు, వంటింటి వైపు చూశాడు. "యా గంగిరెద్దు అక్కా?" అన్నాడు.

వాడికి గుర్తులేదు. పాయసం, పంక్తి, సన్నాయి, ఏదీ గుర్తులేదు. అన్నవాడు మర్చిపోవడం కంటే పెద్ద అవమానం ఇంకొకటి ఉండదు. దాన్ని కూడా రాసి పెట్టుకున్నాను.